డైరీలో ఎర్ర పెన్ను

మా వాడి ఒకటో క్లాస్ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. పాత పేపర్లతో పాటు వేసేద్దామని రెండుసార్లు బయటకి తీసి మళ్ళీ బీరువాలోనే పెట్టేశా. జూన్ నుంచి నవంబర్ దాకా తిప్పితే ఎర్ర పెన్నుతో రాసినవి 31 నోట్లు, ఒకరోజు నిద్రపట్టక కూర్చుని లెక్కపెట్టా. సగానికి పైగా ఒకటే ముక్క, "చాలా అల్లరి చేస్తున్నాడు, ఇంట్లో మాట్లాడండి, సంతకం చేసి పంపండి". దాని కింద నా సంతకం. మొదట్లో పూర్తి పేరు, సెప్టెంబర్ వచ్చేసరికి పొడి అక్షరాలు, అక్టోబర్‌లో ఒక గీత.

మాట్లాడండి అంటే ఏం మాట్లాడాలో ఎవరైనా చెప్తే బాగుండేది. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఏడు అవుతుంది, బ్యాగ్ తీసి డైరీ చూసి "ఇవాళ ఏం చేశావ్ రా" అంటాను, వాడు "ఏం చేయలా" అంటాడు, "మరి మేడమ్ ఎందుకు రాశారు" అంటే "మేడమ్‌కి కోపం వచ్చింది" అంటాడు, అక్కడితో అయిపోయింది. ఆరేళ్ళ పిల్లాడికి మధ్యాహ్నం పన్నెండింటికి జరిగింది రాత్రి ఏడింటికి ఏం గుర్తుంటుందండీ. నేను ఓ రౌండ్ కోప్పడతాను, తొమ్మిదింటికి మా ఆయన వచ్చి ఇంకో రౌండ్, అంటే ఒక్క తప్పుకి స్కూల్లో ఒకసారి ఇంట్లో రెండుసార్లు తిట్లు, అదీ దేనికో వాడికే తెలీకుండా. పొద్దున్నే వ్యాన్ టైమ్‌కి కడుపులో నొప్పి అనేవాడు. నాటకాలు అనుకున్నా, ఒకరోజు నిజంగానే గేట్ దగ్గర వాంతి చేసుకున్నాడు.

నవంబర్‌లో క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకావిడ ఫోటో పెట్టింది. వాళ్ళ పాప చెయ్యి, దాని మీద గుండ్రంగా పళ్ళ గాటు. కింద "ఈ బాబు పేరెంట్స్ ఎవరో దయచేసి పిల్లాణ్ణి కంట్రోల్‌లో పెట్టుకోండి". పేరు రాయలేదు, రాయాల్సిన అవసరం కూడా లేదు, అందరికీ తెలుసు. అమీర్‌పేటలో మెట్రో మారుతూ చూశా ఆ మెసేజ్, మెట్ల మీదే నిలబడిపోయా, వెనక జనం తోసుకుంటూ పోతున్నారు. అప్పటికే 14 బొటనవేళ్ళు పడ్డాయి. సారీ అని టైప్ చేయడం, డిలీట్ చేయడం, ఇలా మూడుసార్లు. చివరికి గ్రూప్‌లో ఏమీ పెట్టకుండా ఆవిడకే ఫోన్ చేశా. "మీరు ఫోన్ చేస్తారనుకోలేదండీ" అంది. ఆ తర్వాత పది నిమిషాలు మాట్లాడుకున్నాం, ఆవిడ నన్ను తిట్టలేదు, పాప రాత్రి నిద్రలో ఉలిక్కిపడింది అని మాత్రం చెప్పింది. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది నాకు.

రెండు రోజులకి స్కూల్ వాళ్ళు పిలిచారు. ప్రిన్సిపల్, కో-ఆర్డినేటర్, క్లాస్ టీచర్, ఈ పక్క మేమిద్దరం. "మీరు సొంత ఖర్చుతో షాడో టీచర్‌ని, అంటే క్లాస్‌లో బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని, పెట్టుకోండి, నెలకి 18 వేల దాకా అవుతుంది, లేదంటే ఇంకో స్కూల్ చూసుకుంటే బాబుకే మంచిది" అన్నారు. ఈ "బాబుకే మంచిది" అనే మాట మన స్కూళ్ళలో టీసీ తీసుకోండి అనడానికి మర్యాద పేరు. విద్యాహక్కు చట్టం, 2009ది, ఎలిమెంటరీ చదువు అయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు అంటుంది, కొట్టడమే కాదు మానసికంగా వేధించడం కూడా 17వ సెక్షన్ కింద నిషేధం. ఆ రోజు నాకు ఇవేవీ తెలీవు. తెలిసినా ఆ గదిలో నోరు పెగిలేది కాదేమో, ప్రిన్సిపల్ ముందు కూర్చుంటే ముప్పైనాలుగేళ్ళ మనిషిని కూడా హోంవర్క్ చేయని పిల్లలా అయిపోతాను.

ఇంతవరకూ చదివినవాళ్ళు స్కూల్‌ది తప్పు అని తేల్చేసి ఉంటారు. ఆగండి, నా సంగతి కూడా చెప్పాలి.

ఆ మీటింగ్‌కి మూడు నెలల ముందే, ఆగస్టులో, మేం వాణ్ణి డాక్టర్‌కి చూపించాం. డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, అంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అయ్యుండొచ్చు, కానీ ఖాయంగా చెప్పాలంటే స్కూల్ నుంచి కూడా సమాచారం కావాలి అన్నారాయన. ఎందుకంటే ఆ లక్షణాలు ఇల్లూ బడీ ఇలా కనీసం రెండు చోట్ల కనపడాలి, ఆర్నెల్లకి తక్కువ కాకుండా ఉండాలి, ఒక్క చోటే ఉంటే కారణం ఇంకేదైనా కావచ్చు. అందుకని రెండు ఫారాలు ఇచ్చారు, ఒకటి తల్లిదండ్రులకి, ఒకటి టీచర్‌కి. మాది ఆ రాత్రే నింపేశాం. టీచర్‌ది నా హ్యాండ్‌బ్యాగ్‌లో, లంచ్ డబ్బా కింద, మడతలు పడి నూనె మరకలయ్యి నవంబర్ దాకా అలాగే ఉంది.

ఎందుకు ఇవ్వలేదంటే, స్కూల్‌కి తెలిస్తే ముద్ర వేసేస్తారని. అత్తయ్య అయితే "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, పదో క్లాస్‌కి వచ్చేసరికి దార్లో పడ్డాడు, బయట చెప్పకండి, రేపు ఎవరైనా ఏమైనా అనుకుంటారు" అంది. (వాళ్ళ నాన్న ఇప్పటికీ రోజూ పొద్దున కారు తాళాల కోసం ఇల్లంతా వెతుకుతాడు, దార్లో పడ్డాడో లేదో నాకు డౌటే.) సరే, అంటే ఏమైంది, స్కూల్ నాకు సగం చెప్తోంది, నేను స్కూల్‌కి అసలు చెప్పట్లేదు. ఇంకా పైగా వాళ్ళు అర్థం చేసుకోవట్లేదు అని వాళ్ళ మీద కోపం.

మీటింగ్ అయ్యాక మా ఆయన పార్కింగ్‌కి వెళ్తే నేను వెనక్కి తిరిగి వెళ్ళి స్టాఫ్ రూమ్ బయట క్లాస్ టీచర్‌ని పట్టుకుని ఆ ఫారం చేతిలో పెట్టా. ఆవిడ నిలబడే మొత్తం చదివింది. "ముందే చెప్పి ఉంటే రోజూ అలా రాసేదాన్ని కాదు కదండీ" అంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదే అనుకుంటా. క్లాస్‌లో 38 మంది, రెండు సెక్షన్లకి కలిపి ఒక ఆయమ్మ, బ్రేక్‌లో కరెక్షన్లు, సాయంత్రం బస్ డ్యూటీ. ఆ డైరీలు రాసేది ఆఖరి పీరియడ్‌లో పది నిమిషాల్లో అట, 38 డైరీలు. ఎర్ర పెన్ను ఎందుకంటే చేతిలో ఉన్నది అదే, కరెక్షన్ల పెన్ను. నేను ఐదు నెలలుగా ఆ రంగు చూసి ఎన్ని అర్థాలు తీశానో.

ఫారం మళ్ళీ రెండు వారాలు ప్రిన్సిపల్ టేబుల్ మీద ఆగింది, మేనేజ్‌మెంట్‌ని అడగాలి అని. అది వేరే కథ, వదిలేద్దాం. వచ్చింది.

అసలు మలుపు థెరపీ సెంటర్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర. డైరీ తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ పేజీలు తిప్పి "ఇందులో బాబు గురించి ఏమీ లేదు కదా, మేడమ్ గారికి ఎలా ఉందో మాత్రం ఉంది" అంది. నిజమే, అల్లరి అంటే ఏంటి? కొరికాడా, బెంచీ ఎక్కాడా, పక్కోడి పెన్సిల్ లాక్కున్నాడా? ఎప్పుడు? అంతకు ముందు ఏం జరుగుతోంది? చేశాక ఏమైంది? ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి ఇచ్చింది, ముందు ఏమిటి, వాడు చేసింది ఏమిటి, తర్వాత ఏమిటి, పక్కన టైమ్. వాళ్ళ భాషలో దీన్ని ఏబీసీ చార్ట్ అంటారు. ఒక్కో గడిలో మూడు నాలుగు మాటలు చాలు, రెండు వారాలు రాయమనండి అంది. క్లాస్ టీచర్ ఒప్పుకుంది, నేను ఇంకో కండిషన్ అడిగా, కొరకడం కొట్టడం మాత్రమే రాయండి, కుదురుగా కూర్చోడు లాంటివి వద్దు అని. ఆవిడ నవ్వి "అవి రాస్తే పుస్తకం చాలదు లెండి" అంది.

రెండు వారాల్లో తొమ్మిది రాసింది. ఆ కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పరిచి చూస్తే నాకేం అర్థం కాలేదు. ఒకటి 8:20కి, ఒకటి 10:30కి, రెండు 12:15కి, ఒకటి 3:05కి, ఇలా. కొరికింది నలుగురిని, ఒకరికీ ఒకరికీ సంబంధం లేదు. "ముందు" అనే గడిలో ఎక్కువగా "ఏమీ లేదు" అని ఉంది. ఏమీ లేకుండా పిల్లాడు మనిషిని కొరుకుతాడా అని మా ఆయన, కొరుకుతాడు మీ కొడుకే కదా అని నేను, ఇలా ఇంకాసేపు గొడవ పడి పడుకున్నాం.

విప్పింది ఆయమ్మ. ఒక గురువారం వాడు టిఫిన్ బాక్స్ మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళా, గేట్ దగ్గర ఆమె ఉంది. మీ బాబేనా అని అడిగి తనే చెప్పింది, "లైన్ల నిలబెడితేనే అట్ల చేస్తడమ్మా, ఆడుకునేటప్పుడు ఎవ్వర్నీ ఏమనడు. ఎనక పిల్లలు బ్యాగుతోని గుద్దుతరు గదా, గప్పుడు". నేను అక్కడే ఫోన్‌లో ఉన్న ఆ కాగితాల ఫోటోలు తెరిచి చూశా. 8:20 అసెంబ్లీ లైన్. 10:30 స్నాక్స్‌కి చేతులు కడుక్కునే లైన్. 12:15 లంచ్ లైన్. 3:05 బస్ లైన్. తొమ్మిదిలో ఎనిమిది లైన్లోనే. టీచర్ "ఏమీ లేదు" అని రాసింది అబద్ధం కాదు, ఆవిడ దృష్టిలో లైన్ అంటే జరిగిన విషయం కాదు, అది స్కూల్లో గాలి లాంటిది, ఉంటుంది అంతే. మా వాడికి మాత్రం వెనక నుంచి అనుకోకుండా ఏదైనా తగిలితే ఒళ్ళు జలదరిస్తుంది, వాడి ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడమ్ ఎప్పుడో చెప్పింది ఆ మాట, నేనే స్కూల్‌కి చెప్పలేదు. మళ్ళీ నేనే.

ఆయమ్మని ఒక్క మీటింగ్‌కి కూడా ఎవరూ పిలవలేదు, మేము కూడా అడగలేదు. రోజులో పిల్లల్ని ఎక్కువసేపు లైన్లో, బాత్‌రూమ్ దగ్గర, డబ్బాల దగ్గర చూసేది ఆమె.

తర్వాత చేసింది పెద్ద విషయాలేం కాదు. లైన్లో అందరికన్నా ముందు, లేదా అందరికన్నా చివర. చేతిలో ఏదైనా పని, అటెండెన్స్ రిజిస్టర్ పట్టుకోవడం, క్లాస్ తాళం పట్టుకోవడం. తాళం అంటే వాడికి మహా ఇష్టం, తాళం ఇచ్చిన రోజు ఇంటికొచ్చి నేను లీడర్ అని అత్తయ్యకి ఆర్డర్లు వేసేవాడు. డైరీ పక్కన పెట్టేసి వేరే చిన్న నోట్‌బుక్ పెట్టాం. రోజుని మూడు ముక్కలు చేసి, ఒక్కోదాంట్లో చేతులు నా దగ్గరే ఉంచుకున్నాను అనే ఒక్క విషయానికి టిక్కు. రెండు టిక్కులొస్తే సాయంత్రం సైకిల్ ఇంకో పావుగంట. టిక్కు లేకపోతే సైకిల్ పావుగంట ఉండదు, అంతే, తిట్లు లేవు. స్కూల్లో జరిగింది స్కూల్లో అయిపోయింది, ఇంట్లో రెండో రౌండ్ రద్దు, ఇది మా ఆయనకి అలవాటు కావడానికి నెల పట్టింది.

మొదట్లో ఆ టిక్కులు క్లాస్‌లో గోడ మీద చార్ట్‌లో పెట్టారు, స్టార్లతో. మూడో రోజు పిల్లలంతా వాడికే ఎందుకు అని గొడవ, ఇంకోడు వచ్చి నీకు స్టార్ రాలేదుగా అని వెక్కిరిస్తే మా వాడు చార్ట్ చింపేశాడు. చింపడం రైటే అనిపించింది నాకు, బయటకి అనలేదు. నోట్‌బుక్‌లోకి మార్చాం.

ఆ నోట్‌బుక్‌లో ఎడమ పేజీ నాది. పొద్దున ఒక లైన్ రాసి పంపేదాన్ని. "రాత్రి పదకొండింటికి పడుకున్నాడు". "జలుబు". "నానమ్మ ఊరెళ్ళింది, ఏడ్చాడు". టీచర్ తర్వాత చెప్పింది, తనకి అన్నిటికన్నా పనికొచ్చింది అదేనట, నిద్ర లేదని చూస్తే ఆ రోజు లైన్లో చెయ్యి పట్టుకుని నిలబడేదట. శుక్రవారం 3:45కి ఐదు నిమిషాలు ఫోన్. ఐదు అంటే ఐదే, నేను టైమర్ పెట్టుకునేదాన్ని, ఎందుకంటే ఆవిడకి కూడా ఇంటికెళ్ళాలి, అంతకుముందు నేను రాత్రి తొమ్మిదిన్నరకి పేరాలు పేరాలు వాట్సాప్ చేసి బ్లూ టిక్ వచ్చి రిప్లై రాలేదని ఏడ్చిన మనిషిని. డిసెంబర్ మొదట్లో రెండు వారాలకి తొమ్మిది, ఫిబ్రవరి మొత్తం మీద రెండు. కుదురుగా కూర్చోడం మాత్రం రాలేదు, అది వేరే లెక్క, దానికి డాక్టర్ వైపు నుంచి జరిగేది జరుగుతోంది.

మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఉంటుంది, వాళ్ళ బాబుకీ ఇలాంటిదే. ఇదంతా చెప్తే "అక్కా, మాకిక్కడ మీటింగ్ పెట్టే ఐదు స్కూల్ డేస్ ముందే కాగితం రావాలి, అమ్మానాన్న కూడా కమిటీలో మెంబర్లే" అంది. ఇలాంటి పిల్లలకి స్కూల్లో ఏ సాయం కావాలో తేల్చే మీటింగ్ అది, టెక్సాస్‌లో దాన్ని ఏఆర్‌డీ మీటింగ్ అంటారు, మిగతా చాలా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్. మన ఏబీసీ కాగితాన్నే వాళ్ళు పద్ధతిగా ఎఫ్‌బీఏ అని, అంటే పిల్లాడు అలా ఎందుకు చేస్తున్నాడో తేల్చే పరిశీలన, చేసి, దాన్నిబట్టి ప్లాన్ రాస్తారు. ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలకి ఆ మీటింగ్‌లో అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాల్సింది స్కూలే, తెలుగుకైనా. నేను కుళ్ళుకున్నా. అప్పుడు తను ఇంకోటి చెప్పింది. అక్కడ టీచర్లు ఎంత మర్యాదగా రాస్తారంటే, "ఇవాళ కొంచెం కష్టంగా గడిచింది" అని ఆర్నెల్లు వస్తే పెద్ద విషయం కాదనుకుందట, అంటే కుర్చీ విసిరాడు అని మీటింగ్‌లో కాగితాలు ముందు పెట్టాక తెలిసిందట. మనకి ఎర్ర పెన్ను, వాళ్ళకి పూల భాష, రెండిట్లోనూ పిల్లాడు ఏం చేశాడో లేదు.

ఇక్కడ చట్టం లేక కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ల బాధ్యతల లిస్టులో తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మీటింగులు పెట్టి పిల్లల హాజరు, నేర్చుకునే తీరు చెప్పాలని ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో 21 రకాలు గుర్తించారు, ఆటిజం ఉంది, లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ అనే పేరు లేదు. అందుకే మాలాంటివాళ్ళని వికలాంగుల కార్డు ఉందా అని అడుగుతారు, లేదంటే అయితే ఏమీ చేయలేం అంటారు. లైన్లో ముందు నిలబెట్టడానికి కార్డు ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

తెనాలిలో మా వదిన గవర్నమెంట్ టీచర్. 2024 డిసెంబర్ 7న ఆంధ్రాలో అన్ని సర్కారు బళ్ళలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, ముగ్గులు, ఆటలు, అందరూ కలిసి భోజనాలు, తండ్రులు కూడా బాగా వచ్చారని చెప్పింది. మంచిదే. కానీ ఒకావిడ అంత జనంలో మా వదిన కొంగు పట్టుకుని పక్కకి లాగి మా వాడు ఇంట్లో గోడకేసి తల కొట్టుకుంటున్నాడు మేడమ్ అని చెవిలో చెప్పిందట. మా వదిన ఆమెని మండలంలో ఉన్న భవిత సెంటర్‌కి పంపింది, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచేవి అవి, రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, చాలామందికి తెలీదు. మా ఇంట్లో పనిచేసే అక్క సంగతి ఇంకోలా ఉంది, కొడుకు బడి నుంచి పిలుపు వస్తే ఆ రోజు మూడిళ్ళ పని పోతుంది, వెళ్తే సంతకం పెట్టించుకుని పంపేస్తారు. తనకి చదవడం రాదు. ఏం రాశారు అక్కా అంటే "ఏమో అమ్మా, ఎర్రగా ఉంది" అంది.

జూన్‌లో రెండో క్లాస్. కొత్త టీచర్, కాస్త పెద్దావిడ, 20 ఏళ్ళ సర్వీస్. ఎవరూ ఆవిడకి పాతవి ఏమీ చెప్పలేదు, స్కూల్లో మార్కులు ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్‌కి వెళ్తాయి కానీ ఇలాంటివి వెళ్ళవు. నేను ఒక పేజీ తెలుగులోనే రాసిచ్చా. మొదట వాడికి ఇష్టమైనవి, తాళాలు, డైనోసార్లు, ఎవరికైనా సాయం చేయడం. తర్వాత లైన్ సంగతి, వెనక నుంచి ముట్టుకోవద్దని. కోపం వచ్చినప్పుడు ఎందుకు చేశావ్ అని అప్పుడే అడగొద్దని, నీళ్ళు తాగిరమ్మంటే చాలని. పాత టీచర్ ఏం చేస్తే పనిచేసిందో, చార్ట్ సంగతి ఎలా బెడిసికొట్టిందో. మందు పేరు, డాక్టర్ నంబర్. ఆవిడ మడిచి డ్రాయర్‌లో పెట్టుకుంది, చదువుతాలెండి అంది. వారం రోజులు ఏ చప్పుడూ లేదు. నోట్‌బుక్ నా పేజీ నిండుతోంది, కుడి పేజీ ఖాళీ. మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నా, మా ఆయనతో కూడా అనేశా, ఇరవై ఏళ్ళ సర్వీస్ వాళ్ళు మన కాగితాలు చదవరు అని.

రెండో సోమవారం కుడి పేజీలో నీలం పెన్నుతో, గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "అసెంబ్లీ లైన్లో వెనకవాడు తోశాడు. చెయ్యి ఎత్తాడు, నావైపు చూసి దించాడు. నీళ్ళు తాగి వచ్చాడు. మధ్యాహ్నం ఒకర్ని గిల్లాడు, డైనోసార్ బొమ్మ లాక్కున్నందుకు. వాటర్ బాటిల్ మళ్ళీ బస్సులో మర్చిపోయాడు, డ్రైవర్ దగ్గర ఉంది".

కింద సంతకం గడి లేదు.

బాటిల్ డ్రైవర్ దగ్గర కూడా లేదు, పోయింది, ఈ జూన్‌లో మూడోది.